ఒంటికన్ను లోయలో తేమ లెక్క

గొడుగెందుకు తెచ్చావు నర్సమ్మా?
ఆ మూల పెట్టు, కోళ్లకు నీడవుతుంది.
ఇక్కడ పైనుంచి పడేదేమీ లేదు,
నడిచొచ్చేదే ఉంది.
మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి
చెప్పులు చేతపట్టుకున్న మనిషిలా
చప్పుడు లేకుండా కొండెక్కుతుంది.
పొగమంచు అని నువ్వంటావు,
కమంచాకా అంటాం మేం.
మా తాతలకన్నా ముందు ఈ ఒడ్డున ఉన్నవాళ్ల మాట.
వాళ్లు లేరు. మాట ఉంది.

ఊరికి ఒంటికన్ను లోయని పేరు.
అటు కొండకు ఒక్కటే గుహ, అందుకని.
నలభై ఒక్క ఇళ్లు.
పొద్దున పొయ్యి వెలిగేవి పదహారు.
రాగి గని నడిచిన రోజుల్లో
బ్యాండు మేళం ఉండేదట, పళ్ల డాక్టరూ ఉండేవాడట.
గని మూసేశాక మా నాన్న సముద్రపు నాచు ఏరాడు.
నేనూ అదే ఏరాను,
ఎన్నేళ్లో నా మోకాళ్లనడుగు.

కొండ నెత్తిన ఆ నల్లటి వలలు చూశావా,
రెండేసి స్తంభాల మధ్య ఆరేసిన దుప్పట్లలా?
చేపలకు కాదు.
మంచు వాటిలోంచి దూరిపోతూ
ఒంటిమీది బరువు కాస్త వదిలేస్తుంది.
చుక్క చుక్కను తాకి, జారి,
గొట్టంలోకి, గొట్టంలోంచి తొట్టిలోకి,
తొట్టిలోంచి నా లెక్కల పుస్తకంలోకి.
సెప్టెంబరులో రోజుకు మూడొందల లీటర్లు.
జనవరిలో నలభై.
కొన్ని రోజులు సున్నా.
సున్నా రాసేటప్పుడు పెన్సిలు ఎక్కువ అరుగుతుంది, ఎందుకో.

మధ్యలో పదేళ్లు నీలం ట్యాంకరొచ్చింది.
వలల ఊసే మరిచాం.
దాచడమెందుకు, ఒక వల కోసి
కోళ్లదొడ్డికి కట్టింది నేనే.
ఓ శీతాకాలం భూమి కదిలి దారి విరిగింది,
పంతొమ్మిది రోజులు ట్యాంకరు లేదు.
దొడ్డి విప్పాను. కోళ్లు కొండంతా తిరిగాయి.
హెర్మోహెనెస్ పడవలోని పాత వల మోసుకొచ్చాడు,
నొల్బెర్తో పెళ్లాం పెట్టె అడుగునుంచి
తన పెళ్లి ముసుగు తీసుకొచ్చింది.
అందరం నవ్వాం.
తెల్లారేసరికి రెండు గ్లాసులు పట్టింది ఆ ముసుగు.
నవ్వినవాళ్లమే తాగాం.

నా మొగుడు లిబోరియో పోయిన రోజు
మంచు అంబలిలా చిక్కగా ఉంది.
పెట్టె మోసేవాళ్లకు ముందువాడి వీపు కనబడదు.
శ్మశానం దాటిపోయారు,
కాళ్లకు అల తగిలాక ఆగారు.
"మళ్లీ చేపలకే పోతున్నాడ్రోయ్" అన్నాడెవరో.
ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.
మా ఆడబిడ్డ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

వానా వచ్చింది, లేదనను.
ఒక్కసారి. పదకొండు నిమిషాలు.
బడిపిల్లలంతా బల్లల కింద దూరారు
భూకంపం అనుకుని.
అట్టల కప్పు నాని టీచరమ్మ నెత్తిన కూలింది.
యెస్నా అనే చిన్నది మాత్రం గుమ్మంలో చెయ్యి చాచి
"ఎవరు పోస్తున్నారు?" అంది.
ఆ ప్రశ్నకు ఊళ్లో జవాబు దొరకలేదు.
నాలుగు వారాలకు ఇసుకంతా ఊదారంగు పూలు.
ఆ విత్తనాలు ఎన్నేళ్లు ఊపిరి బిగబట్టాయో!
నగరం వాళ్లు కార్లేసుకొచ్చి
పూలలో పడుకుని ఫోటోలు దిగారు,
దాహమని మా తొట్టి దగ్గరికొచ్చారు.
రాసిపెట్టాను: అతిథులు, పద్దెనిమిది లీటర్లు.

సరే, నీ గది అదే.
తలంటుకునే రోజు నాకు ముందే చెప్పు.
కిటికీకి గొళ్లెం లేదు, రాయి అడ్డం పెట్టు.
ఉతికిన బట్టలు బయట ఆరెయ్యకు,
పొద్దుటికన్నా సాయంత్రానికే ఎక్కువ తడిగా ఉంటాయి.
లేదులే, ఆరెయ్యి.
కింద గిన్నె పెట్టు.